ఫంక్షన్ హాల్ ఏసీలు ఎనర్జీ కోడ్ ప్రకారమే బిగించారని ఏ ఆఫీసులోనైనా రికార్డు ఉంటుందా?

పాలకొల్లు హాల్ (ప్రశ్న)

నమస్కారమండీ. మాది పాలకొల్లు. నరసాపురం రోడ్డులో మాకొక ఏసీ కల్యాణ మండపం ఉంది. నాన్నగారు కట్టించారు, ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. బిల్డింగ్ ఇంజనీర్లు, ఏసీ పనివాళ్లు, కరెంటు ఆఫీసులో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చదివి చెప్పండి. కాస్త పొడవుగా రాస్తున్నాను. సగం చెబితే "మీ కాంట్రాక్టర్‌ని అడగండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఆయన్ని అడగడం ఎప్పుడో అయిపోయింది.

మా కాంట్రాక్టెడ్ డిమాండ్, అంటే కరెంటు సంస్థతో రాసుకున్న గరిష్ఠ వాడకం, 150 కేవీఏ. 120 దాటింది కాబట్టి ఈసీబీసీ, అంటే భవనాల ఎనర్జీ కోడ్, మనకి వర్తిస్తుందని ప్లాన్ పెట్టేటప్పుడే ఆర్కిటెక్ట్ గారు చెప్పారు. ఆ ప్రకారం పైకప్పు ఇన్సులేషన్, అద్దాలు, లైట్లు, ఏసీలు అన్నీ రాసి, కోడ్ ప్రకారం ఉందో లేదో చూసే అసెసర్ సంతకంతో ఫైలు పెట్టారు. కాపీ నా దగ్గరుంది. అందులో ఏసీల పేజీలో ఉన్నది ఇది: పెళ్లికూతురు, పెళ్లికొడుకు గదుల్లోనూ ఆఫీసు గదిలోనూ పెట్టే స్ప్లిట్ ఏసీలు కనీసం 3 స్టార్ ఉండాలి. పెళ్లి హాల్‌లో, భోజనాల హాల్‌లో పెట్టే పెద్ద డక్టబుల్ (డక్టు గొట్టాల్లోంచి చల్లగాలి పంపే) యూనిట్ల ఈఈఆర్ 2.8కి తగ్గకూడదు. ఈఈఆర్ అంటే తెలియనివాళ్ల కోసం: ఒక కిలోవాట్ కరెంటు తీసుకుని ఎన్ని కిలోవాట్ల చల్లదనం ఇస్తుందో ఆ లెక్క.

ఏఎంసీ (ఏడాది సర్వీసు కాంట్రాక్టు) రెన్యూవల్‌కి ముందు ఏ యూనిట్ ఏదో రాసుకుందామని మేడ మీదకెక్కి ఔట్‌డోర్ యూనిట్ల మీద మోడల్, సీరియల్ నంబరు రాసి ఉండే ప్లేట్లన్నీ ఫొటోలు తీశాను. బిల్లుతో సరిచూస్తే కొన్ని సీరియల్ నంబర్లు కలవలేదు. స్ప్లిట్లలో కొన్నిటికి బిల్లులో ఉన్న మోడల్ ఒకటి, ప్లేటు మీద ఉన్నది ఇంకొకటి. ప్లేటు మీద ఉన్న మోడల్ 2 స్టార్. ఇక డక్టబుల్ ప్లేటు మీద కూలింగ్ కెపాసిటీ 29.9 కిలోవాట్లు, అంటే 8.5 టన్నులు, తీసుకునే పవర్ 11.5 కిలోవాట్లు అని ఉంది. భాగిస్తే 2.6 వస్తుంది. ఫైల్లో రాసిన 2.8 రావాలంటే 10.7 కిలోవాట్లకు మించకూడదు. యూనిట్‌కి 0.8 కిలోవాట్ తేడా. మావి ఎనిమిది. వైశాఖమాసం పెళ్లి రోజున అన్నీ ఎనిమిది గంటలు ఫుల్ లోడ్ మీద తిరిగితే యాభై యూనిట్ల కరెంటు ఊరికే పోతుంది. ఆ డబ్బు పెళ్లివారి దగ్గరే వసూలవుతుంది, మా ఇంట్లోంచి పోదు. అయినా నాకు మనసు ఒప్పట్లేదు. కోడ్ ప్రకారం కట్టామని సంతకాలు పెట్టి ఇచ్చాం, మేడ మీద చూస్తే వేరేవి ఉన్నాయి.

కాంట్రాక్టర్ గారి జవాబు: "ఎవరూ వచ్చి చూడరండీ, మీరెందుకు టెన్షన్ పడతారు." ఈ మాట విన్నాకే ఇది రాస్తున్నాను. నిజంగా ఎవరూ చూడరా? ఫలానా సర్వీసు నంబరు ఉన్న భవనంలో ఫలానా సీరియల్ నంబరు ఏసీలు బిగించారని ప్రభుత్వంలో ఎవరి దగ్గరైనా రాసి ఉంటుందా?

ఇంకొక సంగతి. మా వైపు ఔట్‌డోర్ కాయిల్స్ ఎక్కువ కాలం నిలబడవు. నరసాపురం, అంతర్వేది నుంచి వచ్చే ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడి పొడి అయి రాలిపోతాయి. కొన్నేళ్లకి యూనిట్లు మార్చక తప్పదు. మొదటిసారి బిగించినప్పుడే చూడనివాళ్లు, మార్చినప్పుడు చూస్తారా? అప్పుడు కోడ్ వర్తిస్తుందా, లేదా?


భీమవరం ఏసీ సర్వీస్

అక్కా, నాది భీమవరంలో ఏసీ షాపు, సొంత పని. మీ కాంట్రాక్టర్ ఎవరో నాకు తెలీదు, అందుకని ఆయన్ని ఏమీ అనను. ఇలాంటివి ఎలా జరుగుతాయో మాత్రం చెబుతాను.

ఏప్రిల్, మే నెలల్లో సరుకు దొరకదు. కొటేషన్‌లో రాసిన మోడల్ డిపోలో ఉండదు. ముహూర్తాలు దగ్గరపడ్డాయి, హాల్ చల్లబడాలి అని ఓనరు తొందర. అప్పుడు ఉన్న మోడల్ తెచ్చి బిగించేస్తారు, బిల్లు మాత్రం పాత కొటేషన్ ప్రకారమే కొట్టేస్తారు. ఓనరుకి చెప్పి, రేటు తగ్గించి, బిల్లు మార్చి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. చెప్పనివాళ్లూ ఉన్నారు. చెప్పి చేసేవాడి కొటేషన్ ఎప్పుడూ కాస్త ఎక్కువే కనిపిస్తుంది కాబట్టి పని వాడికి రాదు. ఇది మాకు రోజూ ఉండే బాధ.

స్టార్ల లెక్క చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. లేబుల్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో ఉంటుంది. 2022 జూలైలో స్టార్ల లెక్క కఠినం చేశారు, అంతకుముందు 5 స్టార్ అన్న మోడల్ ఆ తర్వాత 4 స్టార్ అయింది. మీ యూనిట్ తయారైన నెల ప్లేటు మీద చూసి, ఆ కాలం లెక్క ప్రకారం 3 స్టారా 2 స్టారా తేల్చుకోండి. స్టార్ లేబుళ్లు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్ల స్టార్ లేబుల్ యాప్‌లో మోడల్ కొట్టి చూడొచ్చు. ప్లేటు ఎండకి వెలిసిపోతే ఇండోర్ యూనిట్ మీద స్టిక్కర్ ఉంటుంది, దాన్నుంచి పట్టుకోవచ్చు.

కానీ అక్కా, సీరియల్ నంబరు కలిసినంత మాత్రాన పని బాగా చేసినట్టు కాదు. 5 స్టార్ తెచ్చి కూడా పాడు చేయొచ్చు. పైపులోని గాలి, తేమ లాగడానికి వ్యాక్యూమ్ పంపు పెట్టాలి. చాలామంది పెట్టరు. కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేసి నట్టు బిగించేస్తారు. మన గోదావరి జిల్లాల్లో గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు నేను చెప్పాలా! ఆ తేమ పైపులో ఉండిపోతే ఆయిల్ పాడై కంప్రెసర్ పోతుంది. గ్యాస్ కూడా తూకం వేసి ఎక్కించాలి. పైపు పొడవు కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువైతే మీటరుకి ఇన్ని గ్రాములు అని లెక్క ఉంటుంది. చేత్తో పైపు పట్టుకుని చల్లగా ఉంది, చాలు అంటే కుదరదు. ఔట్‌డోర్లు ఎదురెదురుగా పెడితే ఒకదాని వేడి గాలి ఇంకొకటి పీలుస్తుంది, అది ఇంకో నష్టం. మీ మేడ మీద ఎలా పెట్టారో ఒక ఫొటో పెట్టండి.

మీ కాంట్రాక్టర్‌ని కమిషనింగ్ రిపోర్టు, అంటే బిగించి మొదటిసారి నడిపినప్పుడు రాసేది, అడగండి. యూనిట్ వారీగా ప్రెషర్, యాంపియర్లు, గ్యాస్ బరువు రాసి ఉండాలి. లేదంటే రాసుకోలేదని అర్థం.


రాజమండ్రి బిల్డింగ్ ఇంజనీర్

మేడమ్, నేను ఈ కోడ్ ఫైళ్ల మీద పనిచేస్తాను. మీ ప్రశ్నకి సూటి జవాబు: ముక్కలు ముక్కలుగా రికార్డులు ఉన్నాయి, వాటిని కలిపే దారం లేదు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ఇంధన పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని కింద బీఈఈ 2002లో ఏర్పడింది. భవనాల కోడ్ మొదట 2007లో వచ్చింది, అప్పుడు ఇష్టమైతే పాటించొచ్చు. రాష్ట్రాలు తమ వాతావరణానికి తగ్గట్టు మార్చుకుని తప్పనిసరి చేయాలి. మన రాష్ట్రం 2014లో జీవో ఇచ్చింది. 2017లో కోడ్‌ని పెంచి రాశారు. మీ ఫైల్లో ఉన్న 3 స్టార్, 2.8 ఈఈఆర్ రెండూ ఆ 2017 కోడ్‌లోవే. 10.5 కిలోవాట్లు, అంటే 3 టన్నులు, అంతవరకు ఉన్న ఏసీలకి స్టార్ లెక్క, అది దాటితే ఈఈఆర్ లెక్క. కోడ్ పూర్తిగా పాటించిన భవనం మామూలు భవనం కంటే కనీసం 25 శాతం కరెంటు ఆదా చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. 2022లో చట్టాన్ని సవరించారు. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (బిగించిన పరికరాలన్నీ కలిపి) లేదా 120 కేవీఏ డిమాండ్ అన్న హద్దు ఉంది, రాష్ట్రాలు కావాలంటే ఇంకా తగ్గించుకోవచ్చు. మీ 150 కేవీఏకి ఇందులో అనుమానమే లేదు.

ఇప్పుడు మీ హాల్ గురించి ఎవరికి ఏం తెలుసో చూడండి. ప్లాన్ ఇచ్చే టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర మీ కోడ్ ఫారాలు ఉన్నాయి. అందులో "ఇలాంటి యూనిట్ పెడతాం" అని ఉంటుంది, ఏ యూనిట్ పెట్టారో ఉండదు. కరెంటు సంస్థ దగ్గర మీ సర్వీసు నంబరు, డిమాండ్, నెలనెలా వాడకం ఉన్నాయి. ఆ కరెంటు ఎందులోకి వెళ్తోందో వాళ్లకు పట్టదు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ట్రాన్స్‌ఫార్మర్, ఎర్తింగ్, ప్యానెల్ భద్రత చూస్తారు, ఏసీ ఎంత పొదుపుదో చూడటం ఆయన పని కాదు. బీఈఈ దగ్గర కంపెనీల లెక్క ఉంది. ఏ మోడల్ ఎన్ని తయారు చేశారో చెప్పి, ఒక్కో లేబుల్‌కి ఫీజు కట్టాలి. కాబట్టి దేశంలో 2 స్టార్ ఏసీలు ఎన్ని అమ్ముడయ్యాయో వాళ్లు చెప్పగలరు. అందులో కొన్ని పాలకొల్లులో మీ మేడ మీద ఉన్నాయని చెప్పలేరు. జీఎస్టీ వాళ్ల దగ్గర బిల్లుంది, ఏసీ కింద 8415 అనే కోడ్ ఉంది. సీరియల్ నంబరు రాయాలన్న రూలు అక్కడ లేదు.

ఇందరు చూస్తున్నా ఆ ఒక్క ప్లేటూ ఎవరి రికార్డులోనూ ఎక్కదు. లోపం అక్కడే ఉంది.

భవనం పూర్తయ్యాక ఇచ్చే ధ్రువీకరణలో "అనుమతించిన ప్రకారమే పెట్టాం" అని సంతకం ఉంటుంది. నేను సైటుకి వెళ్తే ప్లేట్లు చూస్తాను, ఫొటో తీస్తాను. కానీ ఆ ఫొటోలు నా ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతాయి. ఆన్‌లైన్‌లో పెట్టే ఫారంలో ఒక్కో యూనిట్‌కి మోడల్, సీరియల్, ప్లేటు ఫొటో అని మూడు గడులు తప్పనిసరి చేస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఇదే మాట నేను ట్రైనింగుల్లో అడుగుతూనే ఉంటాను.

మార్చినప్పుడు వర్తిస్తుందా అని అడిగారు. వర్తిస్తుంది. హద్దు దాటిన పాత భవనంలో ఏ భాగాన్ని మారుస్తున్నారో ఆ భాగం కోడ్‌కి తగ్గట్టు ఉండాలి. అయితే ఏసీ మార్చడానికి ప్లాన్ పెట్టక్కర్లేదు, కాబట్టి ఏ ఆఫీసు గుమ్మం ఎక్కే అవసరం రాదు. రూలు ఉంది, అది తగిలే చోటు లేదు. మీ ఉప్పుగాలి సంగతి అందుకే నాకు ముఖ్యం అనిపించింది. హైదరాబాద్‌లో చాలా కాలం ఉండే యూనిట్ తీరంలో ముందే పోతుంది. మొదటి రోజు ఫైలు ఎంత బాగున్నా రెండోసారి మార్చాక దానికి విలువ లేదు.


రాజోలు కుర్రాడు, శాక్రమెంటో

అక్కా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కాలిఫోర్నియాలో ఒక ఏసీ కంపెనీలో ఎస్టిమేటర్‌గా చేస్తున్నాను. మీరు అడిగిన ప్రశ్న మీద ఇక్కడ ఏళ్లుగా గొడవ నడుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడి కోడ్ పేరు టైటిల్ 24, పార్ట్ 6. మూడేళ్లకోసారి మారుస్తారు. ఇంట్లో సెంట్రల్ ఏసీ మార్చాలన్నా పర్మిట్ తీసుకోవాలి. మూడు రకాల ఫారాలు ఉంటాయి. ఏం పెట్టబోతున్నామో చెప్పేది ఒకటి, బిగించినవాడు ఏం బిగించాడో రాసేది ఒకటి, సంబంధం లేని మూడో మనిషి వచ్చి పరీక్ష చేసి రాసేది ఇంకొకటి. డక్టులో గాలి ఎంత లీకవుతోంది, గాలి సరిపడా వస్తోందా, గ్యాస్ సరిగ్గా ఉందా అని ఆయన కొలుస్తాడు. భీమవరం అన్న చెప్పిన పనులే అవి. అన్నీ ఆన్‌లైన్ రిజిస్ట్రీలోకి ఎక్కుతాయి. కాగితం మీద ఇంత పక్కాగా ఉంటుంది.

అయినా 2008లో రాష్ట్రం రాసుకున్న ఎనర్జీ ప్రణాళికలోనే, ఏసీ మార్పిడి పనుల్లో పర్మిట్ తీసుకునేవి 10 శాతం కూడా లేవని ఒప్పుకున్నారు. పర్మిట్ ఫీజు, ఇన్‌స్పెక్షన్‌కి ఒక రోజు, మూడో మనిషికి ఇచ్చేది, ఇవన్నీ కలుపుకుని కొటేషన్ ఇచ్చినవాడు ఓడిపోతాడు. వీధిలో పక్కవాడు అవేమీ లేకుండా రెండు గంటల్లో బిగించి వెళ్లిపోతాడు. భీమవరం అన్న రాసిన బాధే ఇక్కడా, మాటకి మాట.

2016లో ఎస్‌బీ 1414 అని ఒక చట్టం తెచ్చారు. సెంట్రల్ ఏసీకి గానీ హీట్ పంపుకి గానీ రిబేటు కావాలంటే తనిఖీ అయిపోయి పర్మిట్ మూసినట్టు రుజువు చూపాలి. బిగింపుల్లో కోడ్ పాటించేలా ఒక ప్రణాళిక తయారు చేయమని ఎనర్జీ కమిషన్‌కి అప్పజెప్పారు. ఆ చర్చల్లోనే సీరియల్ నంబరు ఆలోచన గట్టిగా వినిపించింది. కంపెనీ నుంచి డీలరుకి, డీలరు నుంచి కాంట్రాక్టరుకి, అక్కడి నుంచి ఏ ఇంటికి చేరిందో నంబరు వెంట వెళ్లాలి, పర్మిట్ లేని నంబర్లు వాటంతట అవే బయటపడతాయి అని ఒక వర్గం. ఇప్పటికే నిజాయితీగా పర్మిట్ తీసుకుంటున్నవాళ్ల నెత్తిన ఇంకో కాగితం పెడుతున్నారు, దొంగపని చేసేవాడు ఆ నంబరు కూడా రాయడు అని ఇంకో వర్గం. నాకు మొదటి వర్గమే సరి అనిపిస్తుంది. పర్మిట్ రికార్డు చూస్తే వచ్చినవాళ్లే కనిపిస్తారు, రానివాళ్లు కనపడరు. అమ్మకం దగ్గర నుంచి లెక్క మొదలుపెడితేనే రానివాళ్లు ఎవరో తెలుస్తుంది.

అక్కడ మనకి ఉన్న ఒక వీలు ఇక్కడ లేదు. మన గోదావరి జిల్లాల పెద్ద బిల్డింగులన్నిటికీ కరెంటు సంస్థ ఒక్కటే.


తణుకు రిటైర్డ్ ఏఈ

అమ్మాయ్, కరెంటు ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పై అబ్బాయి ఆఖర్న అన్న మాటకి నేను ఒకటి కలుపుతాను. సీరియల్ నంబరుతో పరికరం వెంట వెళ్లడం మా శాఖకి కొత్త కాదు. మీ మీటరు మారిస్తే కొత్త మీటరు నంబరు మీ సర్వీసు నంబరుకి ఎక్కుతుంది, పాతది ఏ రీడింగు దగ్గర తీశారో రాసి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దాని నంబరుతోనే రిపేరుకి వెళ్తుంది. ఎల్‌ఈడీ బల్బులు పంచినప్పుడు పాత బల్బు ఒకటి తెచ్చిస్తే పది రూపాయలకి కొత్తది ఇచ్చాం కదా, ఇంటికి ఇన్ని అని లెక్కతోనే ఇచ్చాం. అదే లెక్క ఏసీకీ పెట్టొచ్చు. అందరికీ అక్కర్లేదు, 100 కిలోవాట్లు దాటిన సర్వీసులకి చాలు. మన గోదావరి జిల్లాల్లో అవి ఎన్నో ఉండవు. హాళ్లు, ఆసుపత్రులు, కాలేజీలు, సినిమా హాళ్లు, పెద్ద బట్టల షాపులు, అంతే కదా.

ఒక్క భయం మాత్రం ఉందమ్మా. చూడటానికి ఎవరో ఒకరు రావాలి అన్నామంటే, వచ్చినవాడు ఏదో వంక పెట్టి చెయ్యి చాపుతాడు. ఓనరే ఫొటో తీసి పెట్టాలి, ఎవరిది తనిఖీ చేయాలో కంప్యూటరు తీయాలి, ఆ ఏరియా మనిషి కాకుండా బయటి మనిషి రావాలి. ఈ మూడూ లేకుండా రిజిస్టరు తెస్తే నష్టపోయేది మీలాంటి నిజాయితీపరులే. ఏళ్ల తరబడి లోపల ఉండి చూసి చెబుతున్నాను.


పాలకొల్లు హాల్

అందరికీ నమస్కారాలు. ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు.

భీమవరం తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే కమిషనింగ్ రిపోర్టు అడిగాను. లేదన్నారు. స్ప్లిట్ల విషయం ఒప్పుకున్నారు, ఆ సీజన్‌లో మోడల్ దొరక్క మార్చామని. యాప్‌లో చూస్తే తయారైన నెల ప్రకారం కూడా అవి 2 స్టారే. వాటిని 3 స్టార్‌కి మార్చి ఇస్తామన్నారు, రాతపూర్వకంగా తీసుకున్నాను. డక్టబుల్స్ దగ్గరే పేచీ. కంపెనీ కేటలాగులో 2.8 అనే ఉంది, ప్లేటు మీద అంకె ఎక్కువ లోడ్ దగ్గరిది అని వాదిస్తున్నారు. ఔట్‌డోర్ల ఫొటో పెడుతున్నాను. వెనక వరస, ముందు వరస మధ్య నడిచేంత దారి కూడా లేదు, నువ్వు భయపడ్డట్టే ఉంది.

ఏఈ బాబాయ్ గారూ, మీరు చెప్పిన భయం నాకూ ఉంది. ఇక్కడ హాల్ నడిపేవాళ్లం నలుగురం కలిసినప్పుడు ఈ మాట ఎత్తితే మొదట వచ్చిన ప్రశ్న అదే: "అమ్మా, నువ్వు ఇంకో ఆఫీసుని ఇంటికి పిలుస్తున్నావు." నేను దీన్ని అలా చూడను. ఇప్పుడు ఏ లెక్కా లేదు కాబట్టే నాకు 3 స్టార్ అని చెప్పి 2 స్టార్ ఇచ్చినవాడు నిశ్చింతగా ఉన్నాడు. నా సర్వీసు నంబరు కింద నేను కొన్న యూనిట్ల సీరియల్స్ ఒకచోట ఉండి ఉంటే, బిల్లు రాసేటప్పుడే చెయ్యి తడబడేది. లెక్క వల్ల నాకు ఇబ్బంది రాదు, నన్ను మోసం చేయాలనుకున్నవాడికే వస్తుంది. సెల్లార్ పార్కింగ్, ఫైర్ ఎన్‌ఓసీ అన్నీ పెట్టి కట్టినవాళ్లకి ఇంకో పేజీ బరువు కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పెళ్లి సీజన్‌లో సాయంత్రం హాళ్లన్నీ ఒకేసారి వెలుగుతాయి. అదే వేళకి భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి. మా లైన్‌లో వోల్టేజ్ పడిపోతే మేం డీజిల్ జనరేటర్ వేస్తాం, చెరువు రైతు ఏం వేస్తాడు? ఆక్సిజన్ తగ్గి తెల్లారేసరికి రొయ్య తేలితే ఆయన పంటంతా పోయినట్టే. నా మేడ మీద ఊరికే పోతున్న ఆరు కిలోవాట్లు ఆ లైన్ మీదివే. నేను ఒక్కదాన్ని సరిచేస్తే ఏమవుతుంది అనొచ్చు. ఇలాంటి మేడలు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియకపోవడమే కదా అసలు గొడవ.

నేను చేసింది ఇది. ఒక్కో ఔట్‌డోర్ మీద పెయింటుతో నంబరు వేయించాను. ఒక షీట్ తయారు చేశాను. యూనిట్ నంబరు, గది, మోడల్, సీరియల్, తయారైన నెల, స్టార్ లేదా ఈఈఆర్, గ్యాస్ రకం, బరువు, బిగించిన తేదీ, బిగించినవారి పేరు, ప్లేటు ఫొటో. పైన మా సర్వీసు నంబరు. ఒక కాపీ ప్యానెల్ రూమ్‌లో అతికించాను. ఇంజనీర్ గారూ, ఈ షీట్‌ని మా కోడ్ ఫైల్లో కలపమని మున్సిపాలిటీకి ఇవ్వొచ్చా? తీసుకుంటారా? డక్టబుల్స్ పేచీ ఎలా తేల్చుకోవాలి?


అమలాపురం హాస్పిటల్ మేనేజర్

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. మాది వీఆర్‌ఎఫ్ సిస్టమ్, ఒక ఔట్‌డోర్‌కి చాలా ఇండోర్లు. ఈ షీట్ మాకు ఎలా పనికొస్తుంది? మేడమ్, షీట్ కాపీ పంపగలరా?


రాజమండ్రి బిల్డింగ్ ఇంజనీర్

అమలాపురం గారూ, వీఆర్‌ఎఫ్‌లో ఔట్‌డోర్ సీరియల్ రాసి, దాని కింద ఇండోర్లను వరసగా రాయండి. ఇండోర్ల మొత్తం కెపాసిటీ ఔట్‌డోర్ కెపాసిటీకి ఎంత శాతమో ఒక గడి అదనంగా పెట్టండి. తర్వాత ఎవరో వచ్చి రెండు గదులు కలిపేస్తే అది పెరిగిపోతుంది, అప్పుడు ఎందుకు చల్లబడట్లేదో తెలియక తల పట్టుకుంటారు.

పాలకొల్లు మేడమ్, షీట్ తప్పకుండా ఇవ్వండి. ఒక కవరింగ్ లెటర్ మీద మీ బిల్డింగ్ పర్మిట్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు రెండూ రాసి, "బిగించిన పరికరాల వివరాలు, ఫైల్లో జతపరచగలరు" అని ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. వాళ్లు తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. ఇంకో కాపీ రాష్ట్ర ఇంధన పొదుపు మిషన్‌కి పంపండి. ఈ కోడ్ అమలు చూడాల్సిన రాష్ట్ర సంస్థ అదే. ఆ షీట్ వాళ్ల కంట పడితే ఆన్‌లైన్ ఫారంలో గడులు పెట్టమని అడగడానికి మాకు ఒక ఆధారం దొరుకుతుంది. తర్వాత ఏమైందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

డక్టబుల్స్ పేచీ గురించి. వాళ్ల వాదనలో కొంత నిజం ఉండొచ్చు. కొన్ని ప్లేట్ల మీద రెండు పవర్ అంకెలు ఉంటాయి, ఒకటి రేటెడ్, ఒకటి మ్యాగ్జిమమ్. మీరు రాసిన 11.5 ఈ రెండిట్లో ఏదో ప్లేటు ఫొటో దగ్గరగా తీసి పెట్టండి. మ్యాగ్జిమమ్ అయితే దానితో భాగించకూడదు. రేటెడ్ అయితే వాళ్లు తప్పించుకోలేరు. ఏదైనా సరే, బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీల దగ్గర ఆ మోడల్‌కి ల్యాబ్ టెస్ట్ రిపోర్టు ఇవ్వమని కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టండి, మోడల్, సీరియల్ రెండూ రాసి. కేటలాగ్ ఒప్పుకోవద్దు. రిపోర్టు వచ్చేవరకు ఆఖరి బిల్లు ఆపండి.

ఆ ఔట్‌డోర్ల వరసల మధ్య దూరం మాత్రం ముందు సరిచేయించండి. మీ ఫొటో చూశాను. ఎంత మంచి యూనిట్ అయినా అలా పెడితే ప్లేటు మీద ఉన్న ఈఈఆర్ రాదు.


భీమవరం ఏసీ సర్వీస్

అక్కా, ఆ వెనక వరసని పిట్టగోడ వైపు జరిపి, గాలి పైకి పోయేలా స్టాండు ఎత్తు పెంచితే చాలు, కొత్త పైపు ఎక్కువ పట్టదు. కానీ జరిపేటప్పుడు గ్యాస్ ఔట్‌డోర్‌లోకి లాక్ చేసి, మళ్లీ వ్యాక్యూమ్ పెట్టించండి, పక్కన నిలబడి చూడండి. నాకు ఆషాఢంలో ఖాళీ ఉంటుంది, ముహూర్తాలు ఉండవు కాబట్టి మీ హాల్ కూడా ఖాళీయే. అప్పుడు పెట్టుకోండి.